‘దమ్ము’ అనే గడి

నా ఉద్యోగ జీవితంలో నేను స్వయంగా తయారుచేసిన వస్తువు ఒక్కటే. అది అరచేతికంటే కొంచెం పెద్దదైన పసుపుపచ్చ కార్డు. నెలకు ఒకటి చొప్పున రోగి ఇంటికి తీసుకుపోయేవాడు. అందులో రోజుకు ఒక వరుస, వరుసకు నాలుగు గడులు. దాన్ని చూసి నేను గర్వపడిన కాలం, డైరీ ప్రకారం, పదకొండు నెలలు. దాన్ని చూసి సిగ్గుపడడం మొదలై అయిదేళ్లు దాటింది. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవారు ఏదో ఒకనాడు ఇటువంటి కార్డునే తయారుచేస్తారని నాకు తెలుసు. అందుకే దీని సంగతి దాచుకోకుండా రాస్తున్నాను.

ముందస్తుగా పదవీ విరమణ తీసుకునేదాకా నేను ఛాతీ వ్యాధుల విభాగంలో కౌన్సెలర్‌ను. జిల్లాలు విడిపోయిన తరువాత సోమ, మంగళవారాలు గద్వాల. బుధ, గురువారాలు వనపర్తి. శుక్ర, శనివారాలు నాగర్‌కర్నూల్. మూడు దవాఖానలకూ నేనొక్కణ్నే. ఊపిరితిత్తులు ఏళ్ల తరబడి దెబ్బతిని, ఇక పూర్తిగా బాగుపడే అవకాశం లేనివారిని డాక్టరు పరీక్షించి, పీల్చే మందు రాసి, వారిలో పొగ తాగేవారిని నా బల్ల దగ్గరకు పంపేవారు. పొగ మాన్పించడం నా పని. దానితోపాటు వారి మనసు ఎలా ఉన్నదో కనుక్కొని ఒక కాగితం నింపాలి.

ఆ కాగితం గురించి ఒక మాట. ‘మనసు ఎట్లున్నది’ అని అడిగితే పాలమూరు మనిషి ‘ఏమున్నది సార్, నడుస్తున్నది’ అంటాడు. ఈ జవాబుకు కాగితంలో గడి లేదు. బాగుంది, ఫర్వాలేదు, బాగాలేదు అని మూడే ఉన్నాయి. నేను నడిమి దానికి టిక్కు పెట్టేవాణ్ని. ఒక ఏడాది చివర కూర్చొని లెక్కవేస్తే ‘బాగాలేదు’ అన్నవారు పదకొండుమందే తేలారు. ఊపిరి ఆడక రాత్రంతా గోడకు ఆనుకొని కూర్చునే మనుషులు ఇంత ప్రశాంతంగా ఎలా ఉన్నారని నాకు అనుమానం రావలసింది. రాలేదు. పదకొండు అన్న అంకె కింద రెండు గీతలు గీసి డైరీ మూశాను.

కార్డు దగ్గరకు వస్తాను. నాలుగు గడులలో మొదటిది తేదీ, రెండవది బీడీలు, మూడవది దమ్ము, నాలుగవది మందు. ‘ఆయాసం’ అని రాయకుండా ‘దమ్ము’ అని రాయడం నా సొంత ఆలోచన. ఆయాసం పుస్తకాల మాట, దమ్ము జనం మాట అని నా వాదన. బిజినేపల్లి మండలంలోని మా ఊళ్లో మా నాయనకు ఊపిరి అందనప్పుడల్లా ‘నాయనకు దమ్ము లేసింది’ అనే మేము పరుగెత్తేవాళ్లం. నేను పుట్టి పెరిగిన ఇంట్లో ఆ మాటకు మరొక అర్థం లేదు. మా ఇంట్లో లేని అర్థం మూడు జిల్లాలలోనూ ఉండదనుకున్నాను.

ఆ కార్డు తీసుకున్నవారిలో ఒకరు గద్వాల నేతగాడు. అప్పటికి ఆయనకు యాభై రెండేళ్లు, నాకంటే ఏడాది పెద్ద. సన్నని మనిషి. మాట్లాడేటప్పుడు వాక్యం మధ్యలో ఒకసారి ఆగి, పెదవులు ముడిచి గాలి వదిలి, మళ్లీ అందుకునేవాడు. రోజుకు పద్దెనిమిది బీడీలు. ఆయనతో ఎప్పుడూ భార్య వచ్చేది. ఆమె ఏడో తరగతి చదివింది; ఇంట్లో మగ్గానికి కావలసిన దారపు కండెలు చుట్టేది. ఆమె అక్షరాలు ముత్యాల్లా ఉండేవి. కార్డు నింపే బాధ్యత ఆమెకే అప్పగించాను.

గద్వాల చీర నేసే తీరు తెలియనివారికి కొంచెం చెప్పాలి. చీర నడుమ నూలు, అంచు పట్టు. ఆ రెండూ కలిసే చోట దారానికి దారం మెలివేస్తూ పోవాలి గనుక ఒక్కడితో అయ్యే పని కాదు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్లు దించి ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఈయన పక్కన కూర్చునేది తమ్ముడు. ఆరేళ్లు చిన్న. అతనికీ బీడీ అలవాటే. నిప్పురవ్వ పట్టు మీద పడితే అంతవరకూ నేసిందంతా పాడవుతుంది గనుక మగ్గం ఉన్న గదిలో బీడీ ముట్టించరు. గుంటలోంచి లేచి, గడప దాటి, వాకిట్లో ఉన్న బండ మీద కూర్చొనే ముట్టించాలి. ఈ సంగతి ఆయన నాకు మొదటి రోజే చెప్పాడు. నేను డైరీలో రాసుకున్నాను కూడా: ‘పట్టు దగ్గర బీడీ తాగరు. మంచి అలవాటు.’ నా చేతికి దొరికిన అసలు సంగతిని నేను వాడుకున్న తీరు అది.

అప్పట్లో నా పద్ధతి భయపెట్టడం. నల్లబడిన ఊపిరితిత్తుల బొమ్మ ఒకటి బల్ల సొరుగులో ఉండేది. మాకు శిక్షణలో ఇచ్చిందే. నేతగాడికీ చూపించాను. ఆయన చాలాసేపు చూసి, తిరిగి నా వైపు తోసి, జేబు తడుముకున్నాడు. భయపడిన మనిషి చెయ్యి మొదట పోయేది బీడీ కట్ట ఉన్న జేబుకే. ఈ ఒక్క విషయం తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఆ బొమ్మ చూసి బయటికి పోయి వెంటనే ముట్టించినవాళ్లను కిటికీలోంచి నేనే చూశాను. చూసి, వాళ్లకు పట్టుదల లేదని రాశాను.

ఈ నేతగాడికి మాత్రం పట్టుదల ఉంది. కార్డు పట్టుకొని వెళ్లినవాడు పదకొండు వారాలలో పద్దెనిమిది నుంచి సున్నాకు దిగాడు. అంతకంటే నన్ను సంతోషపెట్టింది పక్కనున్న గడి. ఆమె మొదట్లో దమ్ము కింద ‘5’ అని రాసేది. రెండవ నెలకు అది నాలుగు, మూడు అయింది. తరువాత రెండు. తరువాత ఒకటి. చివరికి వరుసగా ప్రతి రోజూ ‘లేదు’. గీతల కాగితం మీద నీలం సిరాతో బీడీలు, ఎర్ర సిరాతో దమ్ము గుర్తించి చూశాను. రెండు గీతలూ మెట్టు మెట్టుకూ కలిసి దిగాయి. బీడీ తగ్గినకొద్దీ ఆయాసం తగ్గిందని ఇంత చక్కగా రుజువైన మనిషి నాకు అంతవరకూ దొరకలేదు. దెబ్బతిన్న ఊపిరితిత్తులు అంత వేగంగా అంత బాగా కుదుటపడవని నాకు తెలుసు. తెలిసినదానికంటే గీసినదాన్నే నమ్మాను.

గద్వాలలో మాతో ఒక పెద్ద నర్సు ఉండేది. అందరం సిస్టరమ్మ అనేవాళ్లం. ఆమె రోగి వచ్చే దారివైపు కుర్చీ వేసుకొని కూర్చునేది. యంత్రాలన్నీ ఆమె దగ్గర కూడా ఉన్నాయి కానీ, ఆమె మనిషిని గుమ్మం బయటే కొలిచేది. ఒక సోమవారం కాగితాలు సర్దుతూ నాతో అన్నది:

“మీ మగ్గపాయన చెప్పులిడుస్తందుకు గూడ కూసుంటుండు సార్. పోయినసారి నిలవడే ఇడిసిండె.”

నేను ఆయన వేలికి పెట్టిన యంత్రం చూపిన అంకెను ఆమెకు చూపించాను. బాగానే ఉన్నది. బాగానే ఉంటుంది మరి. గంటసేపు బెంచీ మీద కూర్చున్న తరువాత కొలిచింది కదా. నడిపించి కొలవాలని నియమం ఉంది. వరండా నిండా జనం ఉండడంతో ఆ నెలలో నేను ఎవరినీ నడిపించలేదు. ఊదే గొట్టంలో అంకె కొంచెం పడిపోయిన మాట నిజం. చలికాలం అని పక్కన రాశాను. సిస్టరమ్మ మాటను కూడా, వారంతో సహా, డైరీలో ఎక్కించాను. రాసిపెట్టడమూ పట్టించుకోవడమూ ఒకటేనని నా నమ్మకం.

మూడు జిల్లాల పనిపై సమీక్ష వనపర్తిలో ఒక గురువారం పెట్టారు. పైనుంచి అధికారులు వస్తున్నారు. కౌన్సెలింగ్ వల్ల మేలు పొందిన ఒక మనిషిని చూపిస్తే బాగుంటుందని కబురు వచ్చింది. నేను ఎవరిని పిలిచానో చెప్పనక్కరలేదు.

ఆయన, భార్య ఆత్మకూరు మీదుగా వచ్చే బస్సులో పదిగంటల లోపే దిగారు. ఉతికిన తెల్ల అంగీ, భుజం మీద కండువా. ఆమె చేతిసంచిలో మూడు నెలల కార్డులు రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. సమావేశం రెండవ అంతస్తులో. లిఫ్టు పనిచేయడం లేదు. ‘మెల్లగా ఎక్కుదాం’ అని నేనే అన్నాను. అని, ముందు నడిచాను. నా చేతిలో ఆ గీతల కాగితం ఉంది. నీలం గీత, ఎర్ర గీత అధికారులకు ఏ క్రమంలో చూపాలో ఆయనకు చెబుతూ ఎక్కాను. మీరు రెండే మాటలు చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. మొదటి మలుపులో ఆయన ‘ఊ’ అన్నాడు. రెండవ మలుపు దాటి నాలుగు మెట్లు ఎక్కాక, చాలాసేపటినుంచి నేనొక్కణ్నే మాట్లాడుతున్నానని తెలిసింది.

వెనక్కి తిరిగి చూస్తే ఆయన మలుపు దగ్గర మెట్టు మీద కూలబడి ఉన్నాడు. రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, మెడ నరాలు బిగిసి, నోరు తెరిచి ఉన్నాడు. పెదవులు నీలంగా మారాయి. ఊపిరి లోపలికి పోతున్నట్టు కనిపిస్తున్నది గానీ బయటికి రావడం లేదు. ఆమె వెనకనుంచి ఆయన వీపు రాస్తూ పేరు పెట్టకుండా ఏదో అంటున్నది. నేను పరుగున దిగి, మీటింగు కోసం వచ్చిన వార్డుబాయ్‌లను కేకేశాను. చక్రాల కుర్చీ వచ్చేలోపు, నా వృత్తి అలవాటు కొద్దీ, ఎవరూ అడగని ఒక ప్రశ్న వేశాను. కార్డులో దమ్ము లేదని రాశారు కదమ్మా, ఎప్పటినుంచి ఇట్లా ఉంది అని.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది.

“నేను రాస్తనే ఉన్న గద సార్. దమ్ము లేదు, దమ్ము లేదు అని ఇర్వైమూడు దినాలసంది రాస్తనే ఉన్న. మీరు సూసి, ఎర్రపెన్నుతోని మంచిది అని రాసి పంపిస్తిరి.”

“దమ్ము లేదంటే మంచిదే కదమ్మా?”

“మంచిదెట్లయితది సార్? పొద్దుగాల గుంతల కూసున్నోడు బువ్వకే లేసుడు. నడుమ దమ్ము తీస్కునుడే లేదు. ఎగపోస్తున్నది, జర బయటికి రా అంటే ఇనడు. గదే రాసిన.”

కుర్చీ వచ్చింది. ఆయనను కింది వార్డులోకి తీసుకుపోయారు. నేను ఆ మలుపులోనే ఎంతసేపు నిలబడ్డానో డైరీలో లేదు. అంతవరకు నా డైరీలో లేని సమయం లేదు.

వాళ్ల ఇంట్లో ఊపిరి అందకపోవడాన్ని ఎగపోయడం అంటారు. దమ్ము అంటే పని ఆపి కాసేపు కూర్చోవడం. ‘దమ్ము తీస్కోని వస్త’ అని చెప్పి అన్నదమ్ములిద్దరూ బండ మీదికి పోయేవాళ్లు. బీడీ అందులో ఒక భాగం. ఆమె రాసిన అయిదు, రోజుకు అయిదుసార్లు లేచాడని. ఒకటి, ఒక్కసారే లేచాడని. ‘లేదు’ అంటే తెల్లవారినుంచి భోజనం దాకా, భోజనం నుంచి దీపాల వేళ దాకా, వంగి కూర్చున్న మనిషి వంగినట్టే ఉన్నాడని. బీడీ తగ్గినకొద్దీ నేను ఎర్ర సిరాతో గీసింది ఆయన విశ్రాంతి. అది సున్నాకు చేరినందుకు ‘మంచిది’ అని రాసి సంతకం పెట్టాను.

సమీక్ష జరిగింది. నేను పోలేదు. ఎందుకు రాలేదని లిఖితపూర్వకంగా అడిగారు, జవాబు రాశాను. ఆ జవాబు నకలు నా దగ్గర ఉంది. ఆ ఏడాది నేను రాసిన కాగితాలలో నూటికి నూరుపాళ్లు నిజమైనది అదొక్కటే.

వార్డులో ఆక్సిజన్ పెట్టి, మందు ఆవిరిగా పట్టారు. వనపర్తి ఛాతీ డాక్టరు నాకంటే ఇరవై ఏళ్లు చిన్నవాడు. సాయంత్రానికి నేతగాడి ఊపిరి ఒక దారికి వచ్చాక నన్ను పక్కకు పిలిచి, నడిపించి కొలిచారా అని అడిగాడు. లేదన్నాను. మరునాడు నాకు రెండు విషయాలు విడమరిచి చెప్పాడు. బీడీ మాన్పించడం తప్పు కాదు. మానకపోయి ఉంటే ఈ మెట్ల దాకా కూడా వచ్చేవాడు కాదు. ఇక మళ్లీ బీడీ పట్టినా, లేవకుండా గంటల తరబడి మగ్గం మీద కూర్చున్నా, ఈసారి వార్డుకు చేరే వ్యవధి కూడా ఉండకపోవచ్చు. మగ్గం మానిపిద్దామా అని అడిగాను. ‘అది మీరు ఆయననే అడగండి’ అన్నాడు.

శుక్రవారం నాగర్‌కర్నూల్‌కు సెలవు పెట్టి ఆయన మంచం పక్కన కూర్చున్నాను. కాగితం తీసుకుపోలేదు. ఎందుకు లేవడం మానుకున్నావు అన్నా అని అడిగాను. ఆయన ముక్కుకు ఉన్న గొట్టం సర్దుకొని, మాట మాటకూ ఆగుతూ చెప్పాడు.

“బీడీకి లేస్తే ఎవ్వరేమనరు సార్. మొగోడు బీడీకి లేస్తడు. ఊకె లేస్తే ఏమంటరు? శాతగాక లేసిండంటరు.”

ఎవరంటారు అన్నాను.

“తమ్ముడు అనడు. అనకపోతె ఏంది, ఎరకైతది గద. నాకు శాతనైతలేదని ఎరకైతె, వాడు ఇంకో జత సూస్కోవాలె. వానికి ఇద్దరు ఆడపిల్లలు సదువుతున్నరు. వాన్ని తప్పు వట్టేది లేదు. నాతోని కూసునేటోడు లేకపోతె నేనేం నేస్త? గద్వాల చీర ఒక్కని చేతులతోని అయితదా?”

అప్పుడు నాకు అర్థమైంది. ఆయన కాపాడుకుంటున్నది తన ఊపిరిని కాదు, మగ్గం మీద తన చోటును. నేను ఆయన చేతిలోంచి తీసుకున్నది బీడీ ఒక్కటే అనుకున్నాను. దానితోపాటు లేవడానికి ఆయనకు ఉన్న ఏకైక సాకును కూడా తీసుకున్నాను.

కొంతసేపు కళ్లు మూసుకొని, తరువాత తానే అందుకున్నాడు.

“ఇంకొకటి సార్. ఎగపోతకంటె ముందుగాల బుగులొస్తది. ఇప్పుడు ఊపిరి ఆగుతదేమో, ఇప్పుడు ఆగుతదేమో అని. బుగులైతె ఎగపోస్తది. ఎగపోస్తె ఇంకింత బుగులు. బీడీ ఉన్నప్పుడు రెండు గుంజులకు దిగుతుండె. ఇప్పుడు దిగుతలేదు. మీరు మనసెట్లున్నది అని అడిగినప్పుడు చెప్దామనుకున్న. మీరు రాస్తుంటిరి.”

మూడు నెలల్లో ఆయన మనసు గురించి నేను ఆరు కాగితాలు నింపాను. ఆరింటిలోనూ ‘ఫర్వాలేదు.’

ఆయన అయిదు రోజులు వార్డులో ఉన్నాడు. ఆ అయిదు రోజుల్లో నేను చేసిన పని, దమ్ము గడి ఉన్న కార్డులన్నీ మూడు దవాఖానలనుంచీ తెప్పించి ముందు పెట్టుకోవడం. ఒక్కొక్కరినీ ఫోనులోనో ఎదురుగానో అడిగాను: దమ్ము అంటే మీరేం రాశారు? నాగర్‌కర్నూల్ వైపు ఒక రైతు, ఆ గడిలో దొంగచాటుగా లాగిన దమ్ముల లెక్క నిజాయితీగా రాస్తూ వచ్చాడు. బీడీల గడిలో సున్నా, దమ్ములో రెండు. సొంతంగా ముట్టించింది లేదు, పక్కవాడి బీడీలో రెండు గుంజులే అని ఆయన వివరణ. శ్రీరంగాపూర్ దగ్గరి పెద్దాయన ఒకరు రెండు నెలలపాటు ప్రతి వరుసలో ‘ఉన్నది’ అని రాశాడు. అది చూసి నేను కంగారుపడి ఆయనను నాలుగుసార్లు డాక్టరు దగ్గరకు పంపాను, ఒకసారి మందు మోతాదు కూడా పెంచారు. ఆయనను అడిగితే కాస్త నొచ్చుకున్నాడు.

“దమ్మున్నదా అని కార్డుల అడిగితిరి. బీడీ ఇడ్సిపెట్టే దమ్ము నాకెందుకు లేదు? ఉన్నది. గదే రాసిన.”

చాలా రోజుల తరువాత ఆనాడు నవ్వాను. నవ్వి, ఆయన మందు తగ్గించమని డాక్టరుకు చీటీ రాసి పంపాను. నేను జనం మాట అనుకున్నది ఒక్కొక్క జనానికి ఒక్కొక్క మాట. ఒకే గడిలో ఊపిరి అందకపోవడం, పొగ గుంజడం, ధైర్యం, విశ్రాంతి నాలుగూ వచ్చి కూర్చున్నాయి. నేను నాలుగింటినీ కూడి సగటు తీశాను.

ఆ సోమవారమే గద్వాలలో, సిస్టరమ్మను వెంటబెట్టుకొని వాళ్ల ఇంటికి పోయి తమ్ముడిని కలిశాను. ఆమె రావడం ఎందుకంటే, నేను ఇక నా చూపును ఒంటరిగా నమ్మదలుచుకోలేదు. అన్న ఇంకా వనపర్తిలోనే ఉన్నాడు. మగ్గం ఖాళీగా ఉంది. తమ్ముడు బండ మీద కూర్చొని, మమ్మల్ని చూసి బీడీ కాలికింద వేసి నలిపాడు. అన్న చెప్పిన మాట నేను బయటపెట్టకూడదు. కాబట్టి వేరే దారిన మొదలుపెట్టి, ఈ మధ్య మీరిద్దరూ బండ మీద కూర్చోవడం లేదటగా అన్నాను.

అతను బండ అంచును గోటితో గీకాడు. నేను మాట అందించబోతే సిస్టరమ్మ నా మోచేతిని మెల్లగా తాకింది.

“అన్న బీడీతోని పాటు నన్ను గూడ ఇడ్సిపెట్టిండనుకున్న సార్,” అన్నాడు చివరికి. “ఇర్వై ఏండ్లసంది ఇంటి ముచ్చటైనా, పిల్లల ముచ్చటైనా ఈ బండ మీదనే. మగ్గం మీద మాట్లాడేది ఉండదు, దారం తప్పుతది. అన్న బయటికి వచ్చుడు బంద్ చేసిండు. నేను తాగుతున్నననే కోపానికొచ్చిండేమో అనుకున్న. అడుగుదామంటె మొకం దిక్కు సూడడు.”

“సూస్తె లేవాలనిపిస్తది నాయనా,” అన్నది సిస్టరమ్మ. “అందుకె సూడడు.”

అతనికి అన్న గుండెలో ఉన్న భయం ఆమె చెప్పలేదు, నేను చెప్పలేదు. అయినా అతనికి చేరింది. బీడీ పీకను కాలితో ఇంకొకసారి నలిపి, అన్న లేవాలె, అంతే గదా అన్నాడు. శాతగాక లేసిండని ఎవ్వరనుకోవద్దు, అన్న గూడ అనుకోవద్దు, గంతే గదా అన్నాడు. ఆ పని తాను చూసుకుంటానన్నాడు. ఎలాగో అడిగాను. చెప్పలేదు. నా ఉద్యోగంలో వివరాలు లేకుండా ఒప్పుకున్న మొదటి ఏర్పాటు అది.

బీడీ సంగతి కూడా కదిపాను. అన్న పక్కన కూర్చొని నువ్వు ముట్టిస్తే ఆ పొగ ఆయనకే పోతుంది అన్నాను. తాను మానలేనని సూటిగా చెప్పాడు. మానతానని చెప్పి మోసం చేసేవాళ్లకంటే అది నయమనిపించింది.

కొత్త కార్డు అచ్చువేయించడానికి ఆరు వారాలు పట్టింది. అందులో ‘దమ్ము’ అన్న మాట లేదు. దాని స్థానంలో ఏ మాట రాయాలో ప్రతి రోగినీ అడిగి, వారి ఇంట్లో వాడే మాటను వారి ముందే చేత్తో రాయడానికి ఖాళీ గడులు ఉంచాను. పై అధికారి ఒకరు దాన్ని చూసి, శీర్షికలు లేని పట్టిక ఏమిటని అడిగారు. వారికి ఇప్పటికీ సరైన జవాబు చెప్పలేకపోయాను. కొత్త కార్డుతో మూడు జిల్లాల లెక్కలు కూడడం కుదరదు. అది నిజం. నా తరువాత వచ్చినవారు మళ్లీ అచ్చు శీర్షికలు పెట్టారని విన్నాను. వారిని తప్పుపట్టడం లేదు. మూడవ గడికి ఏ మాట ఎంచుకున్నారో మాత్రం తెలుసుకోవాలని ఉంది.

ఆయన మళ్లీ మగ్గమెక్కిన రెండు నెలల తరువాత, ఒక మంగళవారం మధ్యాహ్నం వాళ్ల ఇంటికి పోయాను. గడప ఇవతలనుంచే మగ్గం చప్పుడు వినిపించింది. నేను అడుగుపెట్టేసరికి ఇద్దరూ తల వంచి ఉన్నారు. ఆమె పక్కన కూర్చొని కండెలు చుడుతున్నది. నేను లోపలికి వచ్చిన సంగతి గుర్తించి తమ్ముడు నన్ను చూసి తల ఊపాడు, కానీ పలకరించలేదు. రెండు నిమిషాలైందో లేదో చేతిలోని, దారం విసిరే నాడెను పక్కన పెట్టి, నడుము పట్టుకొని మూలిగాడు.

“నడుము పట్టింది అన్నా. జర లే. నువ్వు లేస్తెనే నేను లేసేది, సందు లేదు.”

సందు ఉంది. అతను కూర్చున్నది గోడవైపు కాదు, వాకిలివైపు. అన్న కూడా ఆ సంగతి చూస్తున్నాడు. చూసి, “నీ నడుముకు నలబై ఆరేండ్లకే ముసలితనం వచ్చింది రా” అని విసుక్కుంటూ, కొయ్య పట్టుకొని మెల్లగా గుంటలోంచి లేచాడు. లేచి ఒక నిమిషం నిలబడి, పెదవులు ముడిచి గాలి వదిలి, గడప దాటాడు. తమ్ముడు వెనకే. అతని చెవి మీద ముట్టించని బీడీ ఒకటి ఉంది. బండ మీద కూర్చున్నంతసేపూ అది చెవి మీదే ఉంది. అన్న లోపలికి పోయాక సందు చివరికి పోయి తాగుతాడని ఆమె నాకు తరువాత చెప్పింది. ఎన్ని తాగుతాడో నేను అడగలేదు.

ఆయన ఊపిరితిత్తులు బాగుపడలేదు. ఆ జబ్బులో వెనక్కి రావడం ఉండదు. రోజుకు నేసే మూరలు తగ్గాయి. కానీ బుగులు వచ్చినప్పుడు తమ్ముడికి చెబుతున్నాడట. చెప్పినంతసేపట్లో సగం దిగుతున్నదట. ఇది ఆయన నాకు చెప్పిన మాట, యంత్రంతో కొలిచింది కాదు.

వాళ్ల వెనకే వాకిట్లోకి వచ్చి నేను నిలబడే ఉన్నాను. డైరీ తెరిచి, నడుము నొప్పి సంగతిని ఏ పదాలలో రాయాలా అని చూస్తున్నాను. ఆయన బండ మీద కొంచెం జరిగి చోటు చేశాడు.

“కూసోండ్రి సార్. పొద్దుగాలసంది నిలవడే ఉన్నట్టున్నరు. జర దమ్ము తీస్కోండ్రి.”

డైరీ మూసి కూర్చున్నాను. ముగ్గురి చూపూ వీధివైపే. లోపలినుంచి ఆమె కార్డు, పెన్ను పట్టుకొని వచ్చింది. ఆ ఇంటి కార్డులో మూడవ గడికి శీర్షిక ఆమె చేత్తోనే రాసి ఉంది, పాత మాటే. ఆమె రోజుకు అయిదు గీతలు గీస్తున్నది. ఆ పూట గీత గీసి, నా వైపు చూసి ఆగింది.

“సార్ కూసున్నది గూడ రాయాల్నా?”

తమ్ముడు నవ్వు ఆపుకొని చెవి మీది బీడీ సర్దుకున్నాడు. రాయమ్మా అన్నాను.

ఆ రోజు కార్డులో మూడవ గడిలో ఆరు గీతలు ఉన్నాయి. అందులో ఒకటి నాది. తప్పని తెలిసి కూడా నేను సంతకం పెట్టిన లెక్క అదొక్కటే.